మెదక్ చర్చికి వెళ్తున్నారా? పొద్దు ఉండగా వెళ్లండి

నేను మొదటిసారి మెదక్ చర్చిలో అడుగుపెట్టింది డిసెంబరులో, సాయంత్రం ఆరు దాటాక. హైదరాబాద్‌లో బయల్దేరడమే ఆలస్యమైంది. దారిలో టీకి ఒకసారి, టిఫినుకు ఒకసారి ఆగాం. తీరా లోపలికి వెళ్లి, చిన్నప్పటి నుంచి వింటున్న ఆ రంగుటద్దాల కిటికీల ముందు నిలబడితే నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించలేదు. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి, అయినా బొమ్మ లేదు. బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "పొద్దుండంగ రావాలె బిడ్డా. బొమ్మలు పొద్దుతోని వస్తయి, పొద్దుతోని పోతయి" అంది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. ఇంటికి వచ్చిన చుట్టాలను, ఆఫీసు స్నేహితులను, ఒకసారి చర్చి గడపే తొక్కని మా మేనత్తను కూడా తీసుకెళ్లాను. చాలామంది అక్కడ అరగంట ఉంటారు. గోపురం ముందు నాలుగు ఫొటోలు దిగుతారు, లోపల ఒక చుట్టు తిరిగి వచ్చేస్తారు. అంత దూరం వెళ్లి అలా వచ్చేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. కనీసం సగం రోజు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఎలా చూస్తే బాగుంటుందో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రోజు, వేళ ఎంచుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రంగుటద్దాల బొమ్మ గోడ మీద వేసిన బొమ్మలాంటిది కాదు. బయటి వెలుగు గాజులోంచి లోపలికి వస్తేనే అది బొమ్మ అవుతుంది. లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. ఇంకా చెప్పాలంటే లోపలి లైటు ఎక్కువైతే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకని ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా చర్చి దగ్గర ఉండేలా చూసుకోండి. మధ్యాహ్నం దాకా ఉంటే ఎండ జరిగే కొద్దీ ఒక్కో కిటికీ ఒక్కో వేళలో తేట పడటం మీ కళ్లతో మీరే చూస్తారు. మబ్బు పట్టిన రోజు కూడా పనికిరానిది కాదు. రంగులు మెత్తగా, కాస్త ముదురుగా కనిపిస్తాయి. చీకటి పడ్డాక మాత్రం వద్దు.

నెమ్మదిగా చూడాలంటే మామూలు పనిదినం మంచిది. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది. అప్పుడు వెళ్తే చూడటానికి వచ్చినట్టు కాకుండా ఆరాధనకు వచ్చినట్టే వెళ్లాలి, దాని గురించి కింద చెప్తాను. క్రిస్మస్ సంగతి పూర్తిగా వేరు. ఈ చర్చిని ప్రతిష్ఠించింది 1924 డిసెంబరు 25న. అంటే ఇక్కడ క్రిస్మస్ అంటే చర్చి పుట్టినరోజు కూడా. తెల్లవారుజామున చీకట్లోనే మొదటి ఆరాధన మొదలవుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి జనం ముందు రాత్రే వచ్చి ఆవరణలో పడుకుంటారు. ఆ వేకువ ఆరాధన ఒక్కసారైనా చూడదగ్గది. కానీ ఆ రోజు కట్టడం చూడగలమని మాత్రం అనుకోకండి, జనాన్ని చూస్తారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు డిసెంబరు చివరి వారం వదిలి, జనవరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రాతి మెట్లు, ఆవరణలోని నేల కాలు పెట్టనివ్వవు.

చేరుకోవడం

హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులు ఉంటాయి. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. సొంత బండి అయితే నర్సాపూర్ మీదుగా వెళ్లండి, అడవి దారి హాయిగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలు కూడా వచ్చింది. ప్రధాన లైను మీద ఉన్న అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల కొత్త లైను వేశారు. రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణం వేళ చూసుకున్నాకే ఎక్కండి. ఊళ్లో దిగాక దారి అడగాల్సిన పని కూడా ఉండదు. ఆటో ఎక్కి "చర్చి" అంటే చాలు.

వెళ్లే ముందు ఒక కథ తెలుసుకోండి, పిల్లలకూ చెప్పండి

మెదక్ ప్రాంతాన్ని మెతుకుసీమ అంటారు. అన్నం మెతుకు నుంచే ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్తారు. చర్చి కథ కూడా మెతుకు దగ్గరే మొదలవుతుంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండ్ మిషనరీ 19వ శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చారు. ఆయన వెస్లియన్ మెథడిస్టు, అంటే ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖవారు. అప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ప్రాంతంలో వానలు లేవు, పంటలు లేవు, దాని మీద జబ్బులు. జనం మిషన్ బంగళా ముందుకు వచ్చి నిలబడ్డారు. వాళ్లకు ఉచితంగా గింజలు పంచే బదులు పాస్నెట్ పని చూపించారు. పెద్ద దేవాలయం కడదాం, పనిచేసిన ప్రతి ఒక్కరికీ తిండి పెడదాం అన్నారు. అలా 1914 ప్రాంతంలో మొదలైన పని పదేళ్లు సాగింది. రాయి కొట్టినవాళ్లు, మోసినవాళ్లు, సున్నం కలిపినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు చాలామంది ఆ పూట అన్నం కోసం వచ్చిన చుట్టుపక్కల పల్లెల జనమే.

ఇది తెలియకుండా వెళ్తే కనిపించేది ఇంగ్లండ్ తరహా పెద్ద కట్టడం ఒకటే. తెలిసి వెళ్తే చూపు వేరుగా ఉంటుంది. మా మేనత్తకు బస్సులో ఈ కథ చెప్పాను. అక్కడికి చేరాక ఆవిడ గోపురం వంక చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి రాయి మీద చేయి పెట్టి, "దీన్ని ఎంతమంది ఎత్తి ఉంటారో" అంది. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

గేటు లోపలికి వచ్చాక

బట్టలు గుడికి వెళ్లేటప్పుడు ఎలా వేసుకుంటారో అలాగే. దానికి ప్రత్యేక నియమాలు వెతకక్కర్లేదు. మన దగ్గర చర్చిలోకి చెప్పులు వేసుకుని వెళ్లకపోవడమే అలవాటు, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూస్తే మీకే అర్థమవుతుంది. సాక్సులు ఉంటే మంచిది, చలికాలం ఉదయం నేల చల్లగా ఉంటుంది.

ఫోను, కెమెరా విషయంలో లోపలికి వెళ్లకముందే అక్కడ ఉన్నవాళ్లను అడగండి. ఎవరూ కనిపించకపోతే బోర్డు చూడండి. అడిగి, వద్దంటే లోపల పెట్టేయండి. ప్రార్థన చేసుకుంటున్న మనిషిని మాత్రం, అనుమతి ఉన్నా సరే, ఫొటో తీయకండి. అక్కడికి ఏదో కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఆసుపత్రి కాగితాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్న తల్లిని నేను అక్కడ చూశాను. వచ్చేవాళ్లందరూ క్రైస్తవులే కారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు కూడా మోకాళ్ల మీద కనిపిస్తారు.

వెంటనే లోపలికి వెళ్లకండి. ముందు బయట ఒక పూర్తి చుట్టు తిరగండి. పదిహేను నిమిషాలు పడుతుంది. ముందున్న గంట గోపురం ఎత్తు 175 అడుగులు. దగ్గర నుంచి మెడ ఎత్తి చూస్తే ఆ ఎత్తు తెలియదు, కాస్త దూరం వెనక్కి నడిచి చూడండి. పక్కకు వచ్చాక గోడలు రెండు వైపులా చేతులు చాపినట్టు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అంటే పైనుంచి చూస్తే కట్టడం మొత్తం సిలువ ఆకారం. ఈ రెండు చేతులూ ఎక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి, లోపల పనికొస్తుంది. కిటికీలను బయటి నుంచి కూడా ఒకసారి చూడండి. మసిబారిన పలకల్లా, ఏమీ లేనట్టుగా ఉంటాయి. అవే కిటికీలు లోపలి నుంచి ఎలా ఉంటాయో చూపించడానికి పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

లోపల: ముందు కూర్చోండి

లోపలికి వెళ్లగానే కాళ్లు వాటంతట అవే ముందుకు, పీఠం వైపు నడుస్తాయి. ఆగండి. వెనక బల్లల్లో ఏదో ఒకదాని మీద ఐదు నిమిషాలు కూర్చోండి. ఎండలోంచి వచ్చిన కళ్లు ఆ నీడకు అలవాటు పడాలి. కళ్లు సర్దుకునేదాకా రంగులు సరిగా తెలియవు. ఆ ఐదు నిమిషాల్లో చప్పుడు వినండి. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న హాలు ఇది, దాదాపు ఐదు వేల మంది పడతారు. అంత పెద్దది ఖాళీగా ఉన్నప్పుడు ఒక పిచ్చుక రెక్క కొట్టినా వినిపిస్తుంది.

తర్వాత కిందికి చూడండి. నేల మీద పరిచిన రంగుల పలకలు బ్రిటన్ నుంచి తెప్పించినవి. వాటిని పరచడానికి ఇటలీ నుంచి పనివాళ్లు వచ్చారు. నడవా పొడవునా గీతలు, పూలు ఎలా కలుస్తున్నాయో వంగి చూడండి. రాయేమో ఇక్కడి పనివాళ్ల చేతుల మీదుగా లేచింది. నేల, గాజు సముద్రం దాటి వచ్చాయి. ఈ రెండూ కలిసిన చోటే మీరు కూర్చున్నారు. ఆ తర్వాత స్తంభాల వెంట చూపు పైకి పోనివ్వండి. స్తంభాలు పైకి వెళ్లి కొమ్మల్లా చీలి కప్పును మోస్తాయి. కోసుగా ఉండే ఆ కమానుల పద్ధతిని గోతిక్ అంటారు. బరువంతా కమానుల మీదుగా స్తంభాల్లోకి దిగిపోతుంది కాబట్టి గోడల్లో అంత పెద్ద కిటికీలు పెట్టగలిగారు.

ఇప్పుడు కిటికీలు. ముఖ్యమైనవి మూడు. పీఠం వెనక ఉన్నది క్రీస్తు పరలోకానికి ఆరోహణం కావడం. బయట గుర్తుపెట్టుకోమన్న రెండు చేతుల్లో ఒకదాంట్లో ఆయన పుట్టుక, ఇంకోదాంట్లో సిలువ. ఇవి గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు. బ్రిటిష్ రాజకుటుంబాన్ని, బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్‌ను చిత్రించిన మనిషి. అంత పేరున్నవాడు గీసిన బొమ్మలు ఒక చిన్న ఊరి చర్చిలో ఉన్నాయి. మూడూ ఒకేసారి పెట్టినవి కావు. ఆరోహణం 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో వచ్చాయి. అంటే చర్చి తెరిచిన రోజున ఈ మూడింట్లో ఏ ఒక్కటీ లేదు.

చూసే క్రమం నేను చెప్పేది ఇది: మొదట పుట్టుక, తర్వాత సిలువ, చివరికి పీఠం వెనకది. కథ అదే వరసలో జరిగింది కాబట్టి బైబిలు తెలియనివాళ్లకు కూడా సులువుగా ఎక్కుతుంది. ఒక్కో కిటికీ దగ్గర రెండుసార్లు నిలబడండి. ఒకసారి దూరంగా, బొమ్మ మొత్తం కనిపించేలా. ఇంకోసారి వీలైనంత దగ్గరగా, ఒక్క ముఖమో, ఒక్క చేయో మాత్రమే చూస్తూ. చిన్న చిన్న గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికి చేసిన పని అది. దగ్గరికి వస్తే ఆ నల్లటి పట్టీలు బొమ్మకు గీసిన గీతల్లాగే పనిచేస్తున్నాయని తెలుస్తుంది. ఎండ గట్టిగా ఉన్న వేళ గాజు రంగు నేల మీద, బల్లల మీద కూడా పడుతుంది. ఒకసారి మా అబ్బాయి అరచేయి చాపి దాని మీద నీలం రంగు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వాణ్ని నేను తొందరపెట్టలేదు.

పీఠం చుట్టూ కట్టిన కంచె దాటి లోపలికి వెళ్లకండి. అది ఎంత చిన్నదైనా, గేటు తెరిచి ఉన్నా సరే. గర్భగుడి గడప లాంటిదే అది.

ఆరాధన జరుగుతుంటే

భయపడక్కర్లేదు, ఎవరూ మిమ్మల్ని "మీరెవరు" అని అడగరు. వెనక బల్లలో చివర కూర్చోండి. అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. పక్కవాళ్లు పాటల పుస్తకం మీ వైపు జరిపితే తీసుకోండి. రాగం తెలియకపోయినా అక్షరాల వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లవచ్చు. పాత కీర్తనల్లో కర్ణాటక రాగాల్లో కట్టినవి ఎన్నో ఉన్నాయి, వింటుంటే కొత్తగా అనిపించవు.

ఒక్క విషయంలో జాగ్రత్త. ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం జరుగుతుంటే, జనం వరసగా ముందుకు వెళ్తారు. మీరు మీ చోటే కూర్చోండి. అది ప్రసాదంలా వచ్చినవాళ్లందరికీ పంచేది కాదు. బాప్తిస్మం, ఆ తర్వాత నిర్ధారణ (తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే సంస్కారం) పొందిన సభ్యులు తీసుకునేది. కూర్చుని ఉంటే ఎవరూ తప్పుగా అనుకోరు. కానుకల సంచి వచ్చినప్పుడు మీ ఇష్టం. వేయకపోతే పక్కవాళ్లకు అందించండి చాలు. ఆరాధన మధ్యలో లేచి వెళ్లిపోవాల్సి వస్తే పాట పాడుతున్నప్పుడు వెళ్లండి, ప్రార్థన నడుస్తున్నప్పుడు వద్దు.

మనుషులతో మాట్లాడండి

ఇది చాలామంది వదిలేసే పని, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది. ఆరాధన అయ్యాక, లేదా మామూలు రోజు మధ్యాహ్నం, ఆవరణలో చెట్ల కింద పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. "వందనాలు" అని పలకరించండి. క్రైస్తవుల మధ్య నమస్కారానికి ఆ మాటే వాడతారు, మీ నోట వింటే వాళ్ల ముఖం విప్పారుతుంది. పాస్టరు గారిని చాలాచోట్ల "అయ్యగారు" అంటారు, ఆయన భార్యను "అమ్మగారు" అంటారు. మీరూ అలాగే పిలవండి.

"ఈ చర్చి ఎవరు కట్టారు?" అని అడిగితే పాస్నెట్ పేరు చెప్పి ఆగిపోతారు. దానికి బదులు "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఇక్కడ పనిచేశారా?" అని అడగండి. తాత రాళ్లు మోశాడనో, నాయనమ్మ తట్టలు ఎత్తిందనో, ఇంట్లో వినగా వినగా మిగిలిన మాటలు బయటికి వస్తాయి. కొట్టిన రాయి మీద పేరు చెక్కుకునే వీలు లేనివాళ్లు వాళ్లు. ఆ పేర్లు మనుమలు, మునిమనుమల నోళ్లలోనే ఉన్నాయి. విన్నది ఇంటికి వచ్చాక రాసి పెట్టుకోండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. వందేళ్లు దాటిపోయాయి, చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

మిగిలిన సగం రోజుకు మెదక్ కోట ఉంది, పోచారం చెరువు ఉంది, మంజీర పాయల మధ్య ఏడుపాయల వనదుర్గమ్మ గుడి ఉంది. అన్నీ ఒకే రోజులో పెట్టుకుంటే ఏదీ మనసుకు పట్టదు. నన్నడిగితే ఏదో ఒకటి చాలు.

ఇది నచ్చితే, తర్వాత డోర్నకల్

మెదక్ చూసిన ఏడాదిలోపే డోర్నకల్ కూడా చూడండి. మహబూబాబాద్ జిల్లాలో, కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద, మహబూబాబాద్‌కు ఖమ్మానికి మధ్య ఉన్న చిన్న జంక్షన్. మెదక్‌కు వచ్చే జనంలో పదో వంతు కూడా అక్కడ కనిపించరు.

రెండూ ఎందుకు చూడాలంటే, రెండింటి రూపం ఒకదానికొకటి పొంతన లేనిది. డోర్నకల్ చర్చి వెనక ఉన్న మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు క్రైస్తవ సంఘంలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయనకు తన జనం పూజించే చోటు ఇంగ్లండ్ నుంచి దిగినట్టు కాకుండా ఈ నేల మీద పుట్టినట్టు ఉండాలని కోరిక. అందుకే డోర్నకల్‌లో మెదక్ తరహా కోసు గోపురం ఉండదు. పైన మసీదును తలపించే గుమ్మటాలు, లోపల గుడి మండపంలో ఉండే తరహా రాతి స్తంభాలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అది తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ రోజు. చర్చి పేరు కూడా ఆ పండుగ పేరే, ఎపిఫనీ. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

అక్కడ చూడాల్సిన పద్ధతి కొంచెం వేరు. మెదక్‌లో చూపు కిటికీల వెంట పోవాలి. డోర్నకల్‌లో స్తంభాల వెంట పోవాలి. ఒక్కో స్తంభం దగ్గర ఆగి, చెక్కిన పనిని పైనుంచి కిందిదాకా చూడండి. తామర లాంటి ఆకారాలు కనిపించినప్పుడు మీ ఊరి గుడిలో ఎక్కడ చూశారో గుర్తుతెచ్చుకోండి. కాసేపు బయటికి వచ్చి గుమ్మటాన్ని దూరం నుంచి చూసి, మళ్లీ లోపలికి వెళ్లండి. ఊరు చిన్నది, భోజనం దొరకడం కష్టం కావచ్చు. ఇంటి నుంచే పులిహోరో, చపాతీలో కట్టుకెళ్లండి, నీళ్ల సీసా మరిచిపోవద్దు. పొద్దున రైలుకు వెళ్లి సాయంత్రం రైలుకు తిరిగి రావచ్చు. ఆపే రైళ్లు ఏవో ముందే చూసుకోండి. తలుపు మూసి ఉంటే వెనక్కి తిరగకండి. పక్కన ఇళ్ల దగ్గర అడిగితే తాళం ఎవరి దగ్గర ఉందో చెప్తారు. తెరవడానికి వచ్చినవాళ్లను నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి, వాళ్ల పెద్దవాళ్ల సంగతి కూడా అడగండి.